పొడుగు విజిల్

పోయిన వారం, ఎర్ర జెర్సీల మూట చంకన పెట్టుకుని, ఇక జన్మలో తొక్కనని ఒట్టు పెట్టుకున్న ఆటస్థలం గేటు ముందు అక్క నిలబడిపోవడం దాకా వచ్చాం. ఆమెను వారం పాటు అక్కడే నిలబెట్టినందుకు నన్ను తిట్టుకున్నవాళ్ళు కొందరుంటారు. తిట్టుకోండి. ఆ గేటు దాకా రావడానికి ఆమెకి రెండేళ్ళు పట్టింది, దాటడానికి మనకో వారం పడితే వచ్చిన నష్టం లేదు.

మొదటిసారి చదువుతున్నవాళ్ళ కోసం రెండు ముక్కలు. మేధో వైకల్యం ఉన్నవాళ్ళూ లేనివాళ్ళూ జోడీలు కట్టి కలిసి ఆడే ఫుట్‌బాల్ జట్టు అది. గోల్ దగ్గర నిలబడేవాడు అక్క తమ్ముడు. అతన్ని దాటి బంతి పోయేది కాదు, అందుకని అందరూ అతన్ని గోడ అనేవాళ్ళు. గోడకి జోడీ అక్క భర్తే. తమ్ముడు పిలవడం విని జట్టు జట్టంతా ఆయన్ని బావా అనే పిలిచేది. ఓ సాయంత్రం ఆట మధ్యలో ఉరిమింది. అందరూ హాల్లోకి పరిగెత్తారు. గోడ మాత్రం గోల్ దగ్గరే ఉండిపోయాడు. పిడుగు అక్కడే పడింది.

ఉండిపోవడానికి కారణం విజిలు. పొట్టి విజిలు ఊదితే ఆట మొదలు. పొడుగు విజిలు వినపడేదాకా ఎవరికి చెప్పిన మాట వాళ్ళు తప్పకూడదు. ఇది వాళ్ళకి నేర్పింది కోచమ్మ. ఆ రోజు ఆమె పొడుగు విజిలు ఊదలేదన్నాడు బావ. ఊదానంది కోచమ్మ. అక్క ఎవరిని నమ్మిందో నేను వేరే చెప్పక్కర్లేదు.

అప్పట్నుంచీ మైదానం మూతపడి, హాల్లో కసరత్తులతో సరిపెట్టుకున్న జట్టు ఇప్పుడు మళ్ళీ ఆట మొదలుపెడుతోంది. ఆటస్థలం మేనేజరు మాత్రం, గోడ ఇంటివాళ్ళు వద్దంటే మైదానం తాళం తీసేదే లేదని తేల్చి చెప్పాడు. వద్దని చెప్పడానికే అక్క వచ్చింది.

"చెప్పాల్సింది చెప్పేసి వచ్చెయ్. మాటలు పెంచకు," అన్నాడు బావ, కారు దిగకుండానే. "నేను లోపలికి రాలేను. నా వల్ల కాదు."

ఆయన్ని చూస్తే జాలేసింది అక్కకి. రెండేళ్ళుగా ఉరుము వినపడితే చాలు, స్నానాల గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంటాడు. తన తమ్ముడి మీద తనకున్నంత ప్రేమా ఈయనకీ ఉందని ఆమె ఎన్నిసార్లు అనుకుందో. కారు కిటికీలోంచి చెయ్యి పెట్టి ఆయన భుజం తట్టి, గేటు తోసుకుని లోపలికి నడిచింది.

మైదానం పక్కనుంచే దారి. చూడకూడదని తల తిప్పుకుంది గానీ కళ్ళు మాట వినలేదు. గోల్ స్తంభాలు అలాగే ఉన్నాయి, వల లేదు. తమ్ముడు నిలబడి నిలబడి, కాళ్ళతో రాసి రాసి, ఆ స్తంభాల మధ్య నేలని బోడిచేసి పెట్టాడు. అక్కడ ఇప్పుడు గడ్డి మొలిచింది. పచ్చగా, ఒత్తుగా, ఎవరూ ఎప్పుడూ నిలబడనట్టు మొలిచింది. ఆ గడ్డిని చూసి ఆమెకి ఏడుపు కాదు, కోపం వచ్చింది.

కోపమే మేలు. కోపం లేనప్పుడు వచ్చేది వేరే ఉంది. తమ్ముడు చిన్నప్పటి నుంచీ చెప్పిన మాట మీద నిలబడే మనిషి. ఈ విజిళ్ళ పాఠం వచ్చాక మరీ. దుకాణంలో "ఇక్కడే ఉండరా" అని అక్క బేరం చేసుకోవడానికి వెళ్తే, ఆమె వచ్చి పెదాలతో ఓ పొడుగు ఈల వేస్తే గానీ కదిలేవాడు కాదు. జనం నవ్వేవాళ్ళు. ఆమె గర్వపడేది. ఇప్పుడు ఇంట్లో దీపాలన్నీ ఆర్పాక, కళ్ళు మూసుకుంటే అదే కనిపిస్తుంది. ఎక్కడో చీకట్లో వాడు ఇంకా చోటు వదలకుండా నిలబడి ఉన్నాడు, ఎవరూ ఈల వెయ్యలేదు గనక. కలలో ఆమె ఈల వెయ్యబోతుంది. పెదాలు ఎండిపోయి చప్పుడు రాదు.

హాలు తలుపు బార్లా తీసే ఉంది. లోపల అదే రబ్బరు వాసన, చెమట వాసన. జట్టు గుండ్రంగా నిలబడి బంతి విసురుకుంటోంది. ఇది వాళ్ళు ఆటకి ముందు ఎప్పుడూ చేసేదే. బంతి ఎవరి చేతిలో ఉంటే వాళ్ళు పక్కవాళ్ళని పిలిచి మరీ విసరాలి. జట్టు మొత్తంలో నిదానంగా పరిగెత్తేవాడు బుల్లెట్. ఆ పేరు వాడే పెట్టుకున్నాడు, కాదనే ధైర్యం ఎవరికీ లేదు. వాడి పక్కన కొంత ఖాళీ. ఖాళీకి అటువైపు జడ్జి, అంటే బంతి తగిలినా తగలకపోయినా ఫౌలని అరిచేవాడు.

బుల్లెట్ బంతి పట్టుకున్నాడు. ఖాళీ వైపు తిరిగాడు.

"గోడా!" అని పిలిచి విసిరాడు.

బంతి నేల మీద పడి దొర్లింది. ఎవరూ నవ్వలేదు, ఎవరూ కదల్లేదు. గోడకి ఓ అలవాటుండేది, బంతి అందగానే పొట్టకి హత్తుకుని ఓసారి కళ్ళు మూసుకునేవాడు. దానికి ఎంతసేపు పట్టేదో అంతసేపూ ఆగారు. తర్వాత జడ్జి వెళ్ళి, ఎదురుగా ఉన్నవాడి చేతుల్లోంచి తీసుకున్నంత మర్యాదగా బంతి తీసుకుని వచ్చాడు.

అక్క చంకలో మూట జారిపోతుంటే పట్టుకుంది.

"రామ్మా," అంది కోచమ్మ. మనిషి సగమైపోయింది. మెడలో ఎప్పుడూ ఉండే విజిలు లేదు. "వాళ్ళకి చెప్పి చూశాను, మానరు. గోడ లేకుండా వలయం పూర్తవదంటారు."

"జెర్సీలు తెచ్చాను," అంది అక్క. జట్టు జెర్సీల ఆర్డరు వెళ్ళింది అంకెలు వేసే దుకాణానికి, అక్కడ ప్రెస్సు మిషను దగ్గర పనిచేసేది ఆమే. స్టిక్కరు షీటు మీద అంకె కోసి, చుట్టూ ఉన్న చెత్త గుండుసూదితో పీకి, గుడ్డ మీద పరిచి వేడి ప్రెస్సు కిందకి దించితే అంకె అతుక్కుంటుంది. అలా వందల వీపులకి అంకెలు వేసిన చెయ్యి ఈ మూట దగ్గర ఆగిపోయింది. "ఒకటో నంబరు వెయ్యలేదు. ఎవడికో తొడగడానికి నేను వెయ్యను."

"తొడగడానికి కాదమ్మా. గోల్ స్తంభానికి కడదామని."

"కట్టి? దండం పెట్టి, మళ్ళీ ఇంకొకడిని నిలబెట్టి, మళ్ళీ మర్చిపోతారా?"

జట్టు అంతా ఇటే చూస్తోంది. పెద్దవాళ్ళు గొంతు పెంచితే బుల్లెట్‌కి పడదు. చెవులు మూసుకుని అక్కడే కూలబడ్డాడు.

"నేను మర్చిపోలేదు," అంది కోచమ్మ చివరికి. "ఊదాను. వాన ఇంకా మొదలవలేదు, అప్పటికి ఒక్క ఉరుమే. ఊపిరి ఉన్నంతా ఊదాను. బుల్లెట్ భయంతో మైదానం మధ్యలో పడిపోతే, చుట్టూ మూగినవాళ్ళందరితో కలిసి, వాణ్ణి ఎత్తుకుని, ఆ పక్క తలుపులోంచి ఆలస్యంగా వచ్చాను. ఎవరి జోడీని వాళ్ళు తెచ్చుకోవాలని కదా మన పద్ధతి. మీ ఆయన తెస్తాడనుకున్నా."

"ఆయన వెతికారు. మీ విజిలు వినపడక వాడు రాలేదు. వినపడేలా ఊదుంటే వచ్చేవాడు. ఎప్పుడైనా మాట తప్పాడా వాడు?"

"తప్పలేదు."

"మరి?"

"మరి ఏమో. రెండేళ్ళుగా నన్ను నేనూ అదే అడుగుతున్నా. ఒక్కోసారి ఊదలేదేమో అనిపిస్తుంది. ఊదానని నన్ను నేను నమ్మించుకున్నానేమో అనిపిస్తుంది. అప్పట్నుంచీ దాన్ని ముట్టుకోలేదు. చెయ్యెత్తితే మొదలు, దించితే ఆపు. అలాగే నడిపిస్తున్నా."

ఆమె చూపు వెళ్ళిన వైపే అక్క చూపూ వెళ్ళింది. తలుపు పక్క మేకుకి, నల్ల తాడుతో విజిలు వేలాడుతోంది. దాని మీద దుమ్ము. తమ్ముణ్ణి ఎక్కడో చీకట్లో నిలబెట్టేసిన వస్తువు, ఇంత చిన్నది.

అక్కకి ఏమైందో ఆమెకే తెలీదు. మూట కింద పడేసి, నాలుగు అంగల్లో వెళ్ళి, మేకు మీదనుంచి దాన్ని లాగింది. "ఇదేనా? ఎలా ఊదారు? ఇలాగేనా?" అంటూ నోట్లో పెట్టుకుని ఊదింది. దుమ్ము గొంతుకి అడ్డం పడింది. అయినా ఆపలేదు. కోపంతో మొదలుపెట్టింది గానీ, మధ్యలో ఎక్కడో అది కోపం కాకుండా పోయింది. ఒరేయ్ తమ్ముడూ, అయిపోయింది రా, కదులు, ఇంటికి వచ్చెయ్, అని ఊదింది. కళ్ళ వెంట నీళ్ళు ధారగా కారాయి. ఊపిరి మొత్తం అయిపోయేదాకా ఊదింది.

హాలంతా ఒక్కసారి వదులైంది. రెండేళ్ళుగా ఆ చప్పుడు వినని మనుషులు ఒక్కరూ దాన్ని మర్చిపోలేదు. జడ్జి బంతి కింద పెట్టి బూట్ల తాళ్ళు విప్పుకోవడం మొదలెట్టాడు. బుల్లెట్ చెవుల మీదనుంచి చేతులు తీసి, "అయిపోయింది," అని హాయిగా నవ్వాడు.

బెంచీ చివర ఎవరో లేచారు.

రేడియో. పాతికేళ్ళ పిల్ల. విన్నమాట విన్నట్టు, ఎవరి గొంతు వాళ్ళదిగా, దగ్గు దగ్గరనుంచీ అప్పజెప్పేది గనక ఆ పేరు. కోచమ్మ వెనక కోచమ్మలా అరిచి జట్టుని ఎన్నిసార్లు తప్పుదారి పట్టించిందో. ఆ పిల్ల ఆ సాయంత్రం నుంచీ పెదవి విప్పలేదు. ఇంట్లో తింటుంది, నడుస్తుంది, నిద్రపోతుంది, మాట మాత్రం లేదు. హాలుకి తీసుకొస్తే వలయంలో చేరకుండా తిన్నగా పోయి ఆ బెంచీ చివరే కూర్చుంటుంది. భయంతో గొంతు పోయిందన్నారు డాక్టర్లు. పాపం అనుకుని అందరూ వదిలేశారు. చెప్పాల్సింది ఉందేమోనని ఒక్కరూ అడగలేదు. వీళ్ళని అడిగితే ఏం చెబుతారు అని ఆ రోజు అన్నది బావే, అది అందరికీ సబబుగానే తోచింది.

రేడియో అక్క ఎదురుగా వచ్చి నిలబడింది. గొంతు సవరించుకుంది. తుప్పు పట్టిన తలుపు తెరిచినట్టు వచ్చింది మొదటి మాట.

"లోపలికి! అందరూ లోపలికి! బంతి వదిలెయ్ బుల్లెట్!"

అది కోచమ్మ గొంతు, రెండేళ్ళ కిందటిది, ఇంత నీరసం లేనిది. కోచమ్మ వెనకున్న హాలు గోడకి చేరబడింది. రేడియో అక్కడితో ఆగలేదు. పెదాలు సున్నాలా చుట్టి, కళ్ళు పెద్దవి చేసి, "పీ...." అని ఊదింది, పొడుగ్గా, చాలాసేపు.

"ఊదాను," అంది కోచమ్మ, ఎవరితోనూ కాదు. "ఊదాను కదా." అంటూ కింద కూర్చుండిపోయి చీర చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

అక్కకి అది మింగుడు పడకముందే రేడియో మొహం మారింది. గడ్డం కొంచెం పైకెత్తింది. ముక్కుతో మాట్లాడే, మాట మాటకీ 'అంతే' అనే ఓ గొంతు ఆ పిల్ల నోట్లోంచి వచ్చింది.

"కోచమ్మా, గ్లోవ్స్ విప్పేశా. ఆట అయిపోయింది. అంతే."

అది తమ్ముడి గొంతు. అక్క రెండేళ్ళుగా ఫోటోలు చూసుకుంది, చొక్కాలు వాసన చూసుకుంది. ఈ గొంతు మాత్రం మెల్లగా జారిపోతుంటే పట్టుకోలేక ఏడ్చింది. ఇప్పుడది ఎదురుగా నిలబడి పలుకుతోంది. భయమేసింది, ఇంకోసారి వినాలనిపించింది, రెండూ ఒకేసారి.

ఆ వెనకే గ్లోవ్స్ గుర్తొచ్చాయి. ఆ రాత్రి వాడి వస్తువులు సంచిలో పెట్టి ఇచ్చారు. చొక్కా, నిక్కరు, మేజోళ్ళు అన్నీ నీళ్ళోడుతున్నాయి. గ్లోవ్స్ మాత్రం పొడిగా ఉన్నాయి. ఆ పొడి గ్లోవ్స్‌నే గుండెకి హత్తుకుని తెల్లవార్లూ ఏడ్చింది గానీ, పొడిగా ఎందుకున్నాయని ఆమె బుర్రకి తట్టనేలేదు. ఇప్పుడు తట్టింది. తమ్ముడు విజిలు విన్నాడు, ఈ హాల్లోకి వచ్చాడు, ఈ బెంచీ మీదే గ్లోవ్స్ విప్పి పెట్టాడు.

"వచ్చాడా?" అంది అక్క. "లోపలికి వచ్చాడా వాడు? మరి మళ్ళీ బయటికెందుకు పోయాడే తల్లీ?"

రేడియో ఆమె వైపు చూసింది. జవాబు చెప్పడం ఆ పిల్లకి రాదు, విన్నది చెప్పడమే వచ్చు. తలుపు వైపు ఓసారి చూసి, గొంతులో చిన్నగా గరగరమనిపించింది. మాట మొదలుపెట్టే ముందు అలా గొంతు గరగరలాడించే మనిషిని అక్క రోజూ పొద్దున్నే వింటుంది.

"హుఁ. ఒరేయ్ బామ్మర్దీ, చిన్న పని చేసిపెట్టరా. బెంచీ మీద నా ఫోను ఉండిపోయింది. గోల్ పక్క బెంచీ. వానొస్తే పాడైపోతుంది. ఒక్క పరుగు. గోడవి కదరా, నీకేం భయం?"

ఈ భూమ్మీద తమ్ముణ్ణి బామ్మర్దీ అని పిలిచే మనిషి ఒక్కడే ఉన్నాడు.

"ఇప్పుడే తెచ్చేస్తా బావా. అంతే."

ఆ తర్వాత రేడియో కాసేపు ఏమీ అనలేదు. ఆ కాసేపట్లో ఏం జరిగిందో హాల్లో అందరికీ తెలుసు. మళ్ళీ నోరు తెరిచినప్పుడు బావ గొంతే, కానీ వగరుస్తూ, గుసగుసగా.

"నువ్వేం చూళ్ళేదు. విన్నావా? ఇక్కడే కూర్చో. నోరు విప్పకు."

అంతే చెప్పి, పని అయిపోయినదానిలా నిట్టూర్చి, రేడియో వెళ్ళి బుల్లెట్ పక్కన ఖాళీలో నిలబడింది. బుల్లెట్ ఆమెకి బంతి అందించాడు. నోరు విప్పకన్నారు, ఆ పిల్ల విప్పలేదు. పొడుగు విజిలు వినపడేదాకా మాట తప్పకూడదు. ఆ విజిలుని దుఃఖంతో మేకుకి తగిలించింది కోచమ్మ, ఇంకెప్పుడూ ఊదకూడదని తిట్టిపోసింది అక్క. ఆ ఇద్దరి మధ్యా ఈ పిల్ల రెండేళ్ళు ఆటలోనే ఉండిపోయింది.

"దేవుడా," అంది కోచమ్మ. "ఈ రెండేళ్ళలో ఒక్కసారి నేను ఊది ఉంటే..."

అక్క వినలేదు. ఆమె తన దుకాణంలో ఉంది, ఆ సాయంత్రంలో. ప్రెస్సు మిషను దించి అంకె అతుక్కోవడం కోసం చూస్తుంటే ఫోను మోగింది. తెర మీద భర్త పేరు. 'తమ్ముడు... నువ్వు వెంటనే రా' అన్న ఆయన ఏడుపు. మిషను ఎత్తడం మర్చిపోయింది, కింద జెర్సీ మాడి కమురు వాసన కొట్టింది. ఆ వాసన ముక్కులోనే ఉండిపోయింది గానీ, ఆ తెర మీద పేరు గురించి ఆమె ఎప్పుడూ ఆలోచించలేదు. ఇప్పుడు ఆలోచిస్తోంది. ఫోను గోల్ పక్క బెంచీ మీద ఉంది. దాన్ని తేవడానికి వెళ్ళినవాడు తిరిగి రాలేదు. మరి ఆ పేరు తన తెర మీదకి ఎలా వచ్చింది?

తలుపు దగ్గర నీడ పడింది.

"హుఁ. ఏంటే ఇంతసేపు? విజిలు వినపడింది, ఏమైందోనని..." బావ గడప అవతలే ఆగాడు. చేతిలో కారు తాళాలు. "తేల్చేశావా లేదా?"

"బావా!" అని అరిచాడు బుల్లెట్ సంబరంగా. జడ్జి చేతులు ఊపాడు. వాళ్ళకి ఆయన మీద కోపం లేదు, అలాంటిది ఉంచుకోవడం వాళ్ళకి రాదు. ఆయన ఓ వెర్రి నవ్వు నవ్వాడు. నవ్వుతూ రేడియోని చూశాడు. బెంచీ మీద లేని రేడియోని. అక్క చేతిలో విజిలుని.

వలయంలో వంతు రేడియోది. బంతి పొట్టకి హత్తుకుంది, ఓసారి కళ్ళు మూసుకుంది. గడ్డం పైకెత్తి, గడప వైపు విసిరింది.

"ఇప్పుడే తెచ్చేస్తా బావా. అంతే."

ఆయన చేతులు చాచలేదు. బంతి ఛాతీకి తగిలి కింద పడింది. తాళాలు దానికంటే ముందే పడ్డాయి.

అక్క కన్నీళ్ళు తుడుచుకోలేదు. దగ్గరికి వెళ్ళింది, రోజూ ఆయన చొక్కా బొత్తాం సరిచేసేటప్పుడు నిలబడేంత దగ్గరగా. గొంతు పెంచలేదు. ఇంట్లో కూర ఉప్పు సరిపోయిందా అని అడిగే గొంతుతోనే అడిగింది.

"ఆ రోజు నాకు మీరు ఏ ఫోనులోంచి చేశారండీ?"